కొలువు ముగిసిన పిదప



ఈ మాసము వచ్చిన యుత్తరములలో ఒకటి నన్ను రెండు దినములు విడువలేదు. దానిని వ్రాసిన సోదరి ఒక కార్యాలయమున లెక్కలు చూచు నుద్యోగిని. ఉదయము తొమ్మిదింటికి పోయి సాయంకాలము ఆరింటికి ఇల్లు చేరును. చేరిన పిదప వంట, పిల్లవాని పాఠము, మఱునాటికి కావలసిన సరకులు. ఇంటిల్లిపాదియు నిద్రించిన తరువాత ఆమె కంప్యూటరు ముందు కూర్చుండి, తన అమ్మమ్మ నేర్పిన వామనగుంటలాటను సెల్ ఫోనులో ఆడుటకు వీలగునట్లు తయారు చేయుచున్నది. మొదలిడి పదునొకండు నెలలైనది; ఇంకను పూర్తి కాలేదు.

"నేను ఆట ఆడుచున్నానని యందఱు ననుకొనుచున్నారు. ఆడుట కాదు, చేయుచున్నానని చెప్పి ఒప్పించుటకే నాకు సగము కాలము పోయినది. నిద్ర చెడగొట్టుకొని కన్నులు పాడుచేసికొనుచున్నావని మా అత్తగారందురు. అంత యిష్టమైనచో ఉద్యోగము మాని అదే చేయుము, లేనిచో దానిని మానుము, రెండును నడపుట నీవలన కాదని మావారందురు. నే నేది విడువవలెను?" అని యామె ప్రశ్న.

ఇట్టి ప్రశ్నకు ఒక్కమాటలో ఉత్తరమిచ్చుట సులభము. కాని అది ఉపకారము కాదు. కావున ఈ మాసపు పుటలన్నియు దీనికే వినియోగించుచున్నాను. ఆమెవలె పగలు కొలువు చేసి రాత్రి మనసునకు నచ్చిన పని చేసికొను సోదరులు, సోదరీమణులు నేడు మన యిండ్లలో తక్కువగా లేరు.

మొదట, ఆట చేయుట యనగా నేమో ఇంటి పెద్దలకు తెలియవలెను. ఇది మన యాడువారికి క్రొత్త పని కాదు. మన తల్లులు వేసవి మధ్యాహ్నములందు నేలమీద సుద్దముక్కతో గళ్లు గీసి అష్టాచెమ్మ పఱచిరి. గవ్వలు దొరకనినాడు చింతగింజలను ఒకవైపున అరగదీసి పందెపు గింజలుగా చేసికొనిరి. వామనగుంటల పీట లేనియెడల పెరటిమట్టిలో వరుసకు ఏడేసి చొప్పున గుంటలు త్రవ్వుకొనిరి. ఆడువారిలో చిన్నపిల్ల యున్నచో ఆ పూటకు నియమమును కొంచెము సడలించిరి. పటము, కాయలు, నియమము, ఎదుటివారి ముఖము చూచి నియమమును దిద్దుకొనుట, ఈ నాలుగే ఆటచేయుట. కంప్యూటరులో వీనికి మఱి రెండు చేరును. నియమములను యంత్రమునకు బోధపడునట్లు ప్రోగ్రాముగా వ్రాయుట ఒకటి. వ్రాసినదానిలోని తప్పులను వెదకి తీయుట రెండవది. రాత్రులను మ్రింగివేయునది ఈ రెండవ పనియే. ఒక గింజ ఎనిమిదవ గుంటలో పడవలసినది తొమ్మిదవ గుంటలో పడుచున్నచో, కారణము కనుగొనుటకు మూడు రాత్రులు పట్టవచ్చును. వెలుపలినుండి చూచువారికి ఆ మూడు రాత్రులును ఆమె ఊరక తెరవంక చూచుచు కూర్చున్నట్లే కానవచ్చును.

పగటి యుద్యోగము చేయుచు విరామకాలమున ఆట చేసినవారి చరిత్ర మిక్కిలి పాతది. 1975-76 ప్రాంతమున అమెరికాలోని బోస్టను నగర సమీపమున ఒక సంస్థలో విలియం క్రౌథర్ అను నాయన ప్రోగ్రాములు వ్రాయు నుద్యోగి. నేడు మనము ఇంటర్నెట్టు అనుచున్నదానికి ముందటి రూపమైన ఆర్పానెట్టును నిర్మించిన పనిలో ఆయన చేయి కలదు. ఆయనయు, భార్య పాట్రీషియాయు కెంటకీ రాష్ట్రమందలి భూగర్భ గుహలలో దిగి, వానిని కొలిచి, పటములు గీయుచుండెడివారు. మామత్ గుహలును ఫ్లింట్ రిడ్జి గుహలును ఒకదానితో నొకటి కలిసియున్నవని 1972లో కనుగొనిన బృందమున పాట్రీషియా యుండెను. తరువాత ఆ దంపతులు విడిపోయిరి. వారికి ఇద్దఱు కుమార్తెలు. తనకడకు వచ్చినపుడు ఆ బిడ్డలు ఆడుకొనుటకు ఉండవలెనని, కంప్యూటరన్న భయపడువారికి సయితము తేలికగా నుండవలెనని క్రౌథరుగారు తీరిక వేళల ఒక ఆట వ్రాసిరి. అందు బొమ్మ లేదు. గుహలోని చోటు మాటలలో వర్ణింపబడును. ఆడువారు ఒకటి రెండు మాటలు కొట్టి తాము పోవు దిక్కును చేయు పనిని తెలుపవలెను. 1977లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి డాన్ వుడ్స్ దానిని విస్తరింపజేసెను. అడ్వెంచర్ అనియు, కొలోసల్ కేవ్ అనియు దానికి పేరు.

ఆ యాట 1979లో కాలిఫోర్నియాలో ఒక గృహిణి యింటికి వచ్చెను. ఆమె పేరు రాబర్టా విలియమ్స్, వయస్సు ఇరువదియాఱు, ఇద్దఱు కుమారులలో చిన్నవాడు చంటిబిడ్డ. ఆమె భర్త కెన్ పగలు ప్రోగ్రాములు వ్రాయు నుద్యోగి. దూరమందున్న పెద్ద కంప్యూటరుతో టెలిఫోను తీగెద్వారా సంభాషించు యంత్రమొకటి ఆయన యింటికి తెచ్చినపుడు, అందులో ఈ గుహలయాట కానవచ్చెను. రాబర్టా దానిలో పూర్తిగా మునిగిపోయి, తుదిముట్టువఱకు విడువలేదు. అట్టివే మఱికొన్ని తెప్పించుకొని యాడెను. అవి యామెకు చాలలేదు. మాటలకు తోడు బొమ్మలుకూడ నున్న బాగుండునని తోచి, తానే ఒక యాట కల్పింపబూనెను. అగాథా క్రిస్టీ నవలయొక్క పోకడయు, ఇంటిలో హంతకుని కనుగొను ఒక పటపుటాట పోకడయు మనసులో నుంచుకొని, వంటింటి బల్లమీద సుమారు మూడు వారములు కూర్చుండి, పాతబంగళాలో జరుగు హత్యల కథను, గదుల పటములను, చిక్కుముడులను కాగితముపై వ్రాసికొనెను.

కెన్‌గారికి మొదట దీనిపై నాసక్తి లేదు. ఆమె ఆయనను భోజనశాలకు తీసికొనిపోయి, కథయంతయు చెప్పి, ఒప్పించెను. అటుపిమ్మట ఆమె డెబ్బది బొమ్మల వఱకు గీసెను. ఆయన కొలువునుండి వచ్చి రాత్రులందు ఆపిల్ 2 కంప్యూటరుపై ప్రోగ్రాము వ్రాసెను. 1980 మే మాసమునకు "మిస్టరీ హౌస్" అను ఆట సిద్ధమయ్యెను. పెట్టెలు చేయించుటకు సొమ్ము లేక, మనము పప్పులు దాచుకొనునట్టి మూతసంచులలో ఆట ఫలకమును, ముద్రించిన కాగితమును పెట్టి 24 డాలర్ల 95 సెంట్లకు అమ్మిరి. పదివేలకు పైగా ప్రతులు పోయెను. వారు పెట్టిన సంస్థయే తరువాత సియెర్రా అను పేర ప్రసిద్ధి చెందెను. 1984లో వచ్చిన "కింగ్స్ క్వెస్ట్" రాబర్టా కల్పనయే. ఆ దంపతులు వృద్ధులై, 2023 జనవరిలో, తమ్ము మొదట ఈ దారి పట్టించిన కొలోసల్ కేవ్ గుహలనే బొమ్మలతో క్రొత్తగా రూపొందించి వెలువరించిరి.

ఈ కథలో నేను చూపదలచినది వారి సిరి కాదు. మూడు సంగతులు గమనింపుడు. ఆట పూర్తియగువఱకు కెన్ పగటి పనిని విడువలేదు. పని ఇద్దఱిమధ్య పంచబడెను. కథయు బొమ్మలు ఒకరివి, ప్రోగ్రాము వేఱొకరిది. అన్నిటికన్న ముఖ్యమైనది మూడవది: ఎవరి పని యేదియో, ఏ వేళ చేయవలెనో ఇంటిలో మాటలాడుకొని యేర్పఱచుకొనిరి. ఆ భోజనశాలలో జరిగిన సంభాషణము లేనిచో ఆ కాగితములు వంటింటి సొరుగులోనే యుండిపోయెడివి.

ఇక మన సోదరి యింటికి వత్తము. "రెండును నడపుట నీవలన కాదు" అని వారి భర్తగారనిరి. ఆయన లెక్కలో చిన్న పొరపాటున్నది. ఆమె నడపుచున్నవి రెండు కావు, మూడు. ఉద్యోగమొకటి, ఆట యొకటి, ఈ రెండింటినడుమ ఎవరును పేరు చెప్పని యిల్లొకటి. భారత ప్రభుత్వమువారు 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతము లేని యింటిపనులు చేయు స్త్రీలు వానిపై దినమునకు సగటున 289 నిమిషములును, అట్టి పనులు చేయు పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. తేడా మూడు గంటల యిరువదియొక్క నిమిషము. కొలువు చేయు మగవాడు తన వేడుకపనికి కూర్చున్నపుడు వాడుకొనునది చాలవఱకు ఈ తేడాలోని కాలమే. కొలువు చేయు నాడుది కూర్చున్నపుడు ఆమె కా తేడా లేదు గనుక, తన నిద్రనుండి తీసికొనుచున్నది.

అత్తగారి మాటలో నిజమున్నదని నే ననుటకు కారణమిదియే. నిద్రనుండి దొంగిలించిన గంట ఊరక పోదు. మఱునాడు కార్యాలయములో కూడికలో తప్పై, సాయంకాలము పిల్లవానిపై విసుగై తిరిగివచ్చును. పైగా నిద్రమత్తులో వ్రాసిన ప్రోగ్రాము మఱునాటి రాత్రి సరిదిద్దవలసిన తప్పులనే కనును. కాని అత్తగారు చూపిన రోగము సరియైనను, చెప్పిన మందు సరికాదు. విడువవలసినది ఆటను కాదు, అర్ధరాత్రిని.

కావున సోదరీ, మొట్టమొదట ఒక సాయంకాలము ఇంటివారిని కూర్చుండబెట్టి గంటలు అడుగుడు. వారమునకు నాలుగయిదు గంటలు చాలును. ఆదివారము ఉదయము రెండు గంటలు, పనిదినములలో రెండు రాత్రులు గంటగంట చొప్పున. ఆదివారము ఆ రెండు గంటలు వంటయు బిడ్డయు భర్తగారి వంతు. రాత్రి పదిన్నరకు కంప్యూటరు మూతపడవలెను. తప్పు దొరకినను దొరకకున్నను మూతపడవలెను. అడిగి పుచ్చుకొనిన నాలుగు గంటలు, ఎవరికిని తెలియకుండ తీసికొనిన పండ్రెండు గంటలకంటె ఎక్కువ పని చేయించును. వానిలో భయము లేదు, సంజాయిషీ లేదు.

దొరకిన గంటను వాడుకొనుటలో నేర్పు కలదు. పనులను రెండు జాబితాలుగా వ్రాసికొనుడు. బుద్ధి చుఱుకుగా నున్నపుడు చేయవలసినవి ఒకటి: నియమముల ప్రోగ్రాము, తప్పుల వెదకులాట. అలసియున్నను చేయదగినవి రెండవది: గింజలకు రంగులు వేయుట, శబ్దములు ఎన్నుకొనుట, ఆడు విధానమును తెలుపు మాటలు వ్రాయుట. మొదటివి ఆదివారమునకు, రెండవవి పనిదినముల రాత్రులకు. లేచునపుడెల్ల ఒక చిన్నపుస్తకములో, తరువాత చేయవలసిన పని యేదో ఒక్క వాక్యమున వ్రాసియుంచుడు. అల్లికపని నడుమ నిలిపినపుడు ఎన్నవ కుట్టునొద్ద నిలిపితిమో గుర్తుంచుకొనునట్లే యిదియు. ఆ వాక్యము లేనిచో మూడు దినములకు తిరిగి కూర్చున్నపుడు మొదటి అరగంట ఎక్కడ నాపితినా యని తలచుకొనుటకే పోవును. చేసినదానికి వేఱొకచోట నకలు తప్పక యుంచుడు. యంత్రము చెడిన దినమున పదునొకండు నెలలు చెడకూడదు.

తరువాతిది పరిమాణము. మీ యుత్తరములో ఆటకు కావలసినవని వ్రాసిన పట్టిక చూచి నాకు భయము కలిగినది. ఆఱు ప్రాంతముల నియమభేదములు, పండుగకొక పీట, దూరదేశమందున్న చుట్టములతో ఆడు వీలు, గెలుపోటముల పట్టిక. ఇది ఒక సంస్థ చేయు పని. వారమునకు నాలుగు గంటల మనిషి చేయు పని కాదు. పదునొకండు నెలలలో పూర్తి కాకపోవుటకు మీ యశక్తి కారణము కాదు, ఈ పట్టిక కారణము. ఒక ఊరి నియమము, ఒక పీట, ఒకే ఫోనును నడుమ నుంచుకొని ఆడు నిద్దఱు. ఇంతే మొదటి ఆట. తక్కినవన్నియు రెండవ పుస్తకములో వ్రాసి దాచుడు.

చిన్నదానివలన కలుగు మేలునకు వర్డిల్ అను ఆట నిదర్శనము. న్యూయార్కులో నివసించు జాష్ వార్డిల్ అను సాఫ్టువేరు ఇంజనీరు, పదముల యాటలన్న ప్రీతిగల తన సహచరి పాలక్ షా కొఱకు దానిని చేసెను. అయిదక్షరముల ఇంగ్లీషు మాట నొకదానిని ఆఱు ప్రయత్నములలో కనుగొనుట, దినమున కొకటే మాట, అంతకు మించి యేమియు లేదు. ఇంగ్లీషులో అయిదక్షరముల మాటలు సుమారు 12,000 ఉండగా, వానిలో జనులకు తెలిసినవేవో తెలియనివేవో ఒక్కొక్కదానిని చూచి వేఱుపఱచి 2,500 వఱకు తగ్గించినది పాలక్ షాయే. ఆ యేరివేత లేనిచో ఆ యాట ఆడదగినది కాకపోయెడిది. మొదట ఇంటివారు, చుట్టములు ఆడిరి. 2021 అక్టోబరులో లోకమునకు విడిచిరి. 2021 నవంబరు 1వ తేదీన ఆడినవారు 90 మంది; రెండు మాసములు గడచునప్పటికి మూడు లక్షలు దాటిరి. 2022 జనవరి 31వ తేదీన న్యూయార్క్ టైమ్సు పత్రికవారు దానిని పది లక్షల డాలర్లకు తక్కువ కాని మూల్యమునకు కొనినట్లు ప్రకటించిరి. అట్టి అదృష్టము అందఱికి పట్టదు, దాని నాశింపవలదు. కాని బియ్యములో రాళ్లేరినట్లు పదివేల మాటలను ఏరివేసిన ఓర్పు మాత్రము మన యిండ్లలో కొఱవడలేదు.

చిన్న యాటను పూర్తిచేయుట కభ్యాసము కావలెనన్న, లోకమున "గేమ్ జామ్" అను వేడుకలు కలవు. 2002లో మొదలైన లూడమ్ డేర్ అను దానిలో, ఒక విషయము నిచ్చి, 48 గంటలలో ఒక్కరే ఆట చేసి చూపవలెనని నియమము పెట్టిరి. 2009లో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్ పలు దేశములలో జరుగును. వీనిలో పుట్టిన యాటలు చాలవఱకు కొఱతలు గలవే. కాని అవి పూర్తియైనవి. పూర్తియైన చిన్నయాట నేర్పు పాఠమును సగములో నిలిచిన పెద్దయాట నేర్పజాలదు.

పనిముట్లకు ఖర్చు పెట్టనక్కఱలేదు. గోడో అను ఆటల యంత్రాంగము 2014నుండి ఎవరైనను ఉచితముగా వాడుకొనుటకు విడువబడినది. చేసిన యాట నమ్ముకొనినను వారికి పైకమీయ నక్కఱలేదు. 2023 మార్చిలో వెలువడిన దాని నాలుగవ రూపమునుండి, వత్తులును గుణింతములును గల మనవంటి లిపులను సరిగా కూర్చి చూపు నేర్పుకూడ దానికి కలిగినది. ప్రోగ్రాము వ్రాయుట బొత్తిగా తెలియనివారికి ట్వైన్ అను సాధనము 2009నుండి కలదు. కథను ముక్కలుగా వ్రాసి, ఒక ముక్కనుండి మఱియొక ముక్కకు దారులు కలుపుకొనుటయే దానిలోని పని. కథలు వ్రాయు సోదరీమణులు దానిని పరీక్షింపవచ్చును. సిద్ధమైన యాటను ఇచ్.ఐఓ అనుచోట రుసుము లేకుండ నుంచవచ్చును. స్టీమ్ అను పెద్ద యంగడిలో నుంచవలెనన్న ఆట యొక్కటికి 100 డాలర్లు చెల్లింపవలెను.

ఉద్యోగముతో పాటు చేయువారు మఱువరాని దొకటి కలదు. అది హక్కు. 1984లో మాస్కో నగరమున శాస్త్రపరిషత్తువారి గణనకేంద్రములో పని చేయుచున్న అలెక్సీ పజిత్నోవ్, అచ్చటి యంత్రముపైననే టెట్రిస్ అను ఆట చేసెను. పైనుండి రాలు ఇటుకలను వరుసగా పేర్చు ఆ యాటను మన పిల్లలందఱు నెఱుగుదురు. అది లోకమంతయు అమ్ముడుపోయినను, హక్కులు ప్రభుత్వము చేతిలో నుండుటచే, ఆయనకు దానిపై రాయల్టీ రాసాగినది 1996 తరువాతనే.

అది సోవియట్టు దేశపు సంగతి యని తీసివేయరాదు. మన 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, ఉద్యోగధర్మములో భాగముగా చేసిన రచనకు, వేఱు ఒడంబడిక లేనియెడల, మొదటి హక్కుదారు యజమానియే. ప్రోగ్రాముకూడ ఆ చట్టములో రచనగానే ఎంచబడును. మన సోదరి లెక్కలు చూచు నుద్యోగిని గనుక ఆట చేయుట ఆమె యుద్యోగధర్మము కాదు. సాఫ్టువేరు కొలువులలో నున్నవారికి మాత్రము ఈ గీత అంత స్పష్టముగా నుండదు. అనేక సంస్థలు నియామకపత్రములోనే, వేఱు పని చేయరాదనియు, ఉద్యోగకాలమున కల్పించినదంతయు తమదేననియు వ్రాయించుకొనును. కావున కార్యాలయమువారి కంప్యూటరును, కార్యాలయపు వేళను, కార్యాలయములో వ్రాసిన ప్రోగ్రామును ఇంటియాటకు తాకనీయరాదు. నియామకపత్రమును తీసి ఒకమాఱు చదువుకొని, సందేహమున్నచో ఆటను అమ్మకమునకు పెట్టకమునుపే అనుమతిని వ్రాతమూలముగా పొందుట మేలు. నోటిమాట చాలదు.

ఇక కడపటి ప్రశ్న: ఉద్యోగము మానవలెనా? ఇందుకు జనులు సామాన్యముగా చూపు నుదాహరణము ఎరిక్ బరోన్. 2011లో పట్టభద్రుడై ఉద్యోగము దొరకక, అమెరికాలోని సియాటిల్ నగరమున ఈయన ఒక్కడే బొమ్మలు, సంగీతము, కథ, ప్రోగ్రాము అన్నియు తానే చేయుచు నాలుగేండ్లకు పైగా శ్రమించి, 2016 ఫిబ్రవరి 26వ తేదీన "స్టార్‌డ్యూ వ్యాలీ" అను సేద్యపు ఆటను వెలువరించెను. 2024 చివరకు అది నాలుగు కోట్లకు పైగా ప్రతులు పోయినది. ఈ మాట అందఱు చెప్పుదురు. ఆ యేండ్లలో ఆయన నాటకశాలలో ప్రేక్షకులకు చోటు చూపు చిన్నకొలువు చేసెననియు, ఇల్లు చాలవఱకు ఆయన సహచరి సంపాదనమీద నడచెననియు చెప్పువారు తక్కువ. ఆ నాలుగేండ్ల వెల ఆమెయు చెల్లించెను. స్టీమ్ అంగడిలో 2024వ సంవత్సర మొక్కదానియందే పదునెనిమిదివేలకు పైగా క్రొత్త ఆటలు చేరినవి. వానిలో బరోను ఆటవంటివి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని యుండిన నెక్కువ.

కావున నా యుత్తరమిది. ఉద్యోగము మానకుడు. జీతము మీ యాటకు శత్రువు కాదు, దానికి పోషకురాలు. నెలజీతము వచ్చుచున్నంతకాలము ఆ యాట ఎవరికిని అన్నము పెట్టనక్కఱలేదు గనుక, మీ కిష్టమైనట్లు, మీ అమ్మమ్మ నేర్పినట్లు ఉండగలదు. అన్నము పెట్టవలసిన దినమున అది కొనువారి కిష్టమైనట్లు మారవలసివచ్చును. ఆటవలన వచ్చు సొమ్ము ఒక యేడు వరుసగా ఇంటిఖర్చునకు సరిపడినచో అప్పుడు మరల యోచింపవచ్చును. అంతవఱకు ఆ మాటయే యెత్తనక్కఱలేదు. ఆటయు మానకుడు. ఇంటికి రూపాయి తెచ్చిపెట్టనిది వ్యర్థమను లెక్క సరియైనచో, మన వాకిటి ముగ్గు మొదలు మధ్యాహ్నపు పాట వఱకు అన్నియు వ్యర్థములే కావలెను. పగలెల్ల ఇతరుల లెక్కలు చూచు మనిషికి, తన లెక్క ప్రకారము నడచు వస్తు వొక్కటి యుండుట గొప్ప బలము.

భర్తగారికి ఒక్క విన్నపము. నీవలన కాదను మాటకు మాఱుగ, ఆదివారము ఎన్ని గంటలు కావలెనని యడిగి చూడుడు. వంటింటికి మీరు పోవు ఆ రెండు గంటలే మీరామె యాటకు పెట్టు పెట్టుబడి.

అత్తగారితో వాదింపవలదు. ఆమె చిన్ననాడు ఏ యూరిలో పెరిగిరో, అచ్చట వామనగుంటలు ఎట్లాడిరో, చివర ఒక గింజ మిగిలినచో ఏమి చేసిరో అడుగుడు. మన యూళ్లలో ఈ యాటకు వ్రాసిపెట్టిన శాస్త్రము లేదు. ముసలివారి జ్ఞాపకమే శాస్త్రము. అది ఒక తరముతో పోవచ్చును. తరువాత సగమైనను సరే, ఫోనును ఆమె చేతికిచ్చి ఆడుమనుడు. మీ ప్రోగ్రాములోని తప్పును మీకన్న ముందు ఆమెయే కనిపెట్టిన నాకు ఆశ్చర్యము లేదు. వేలు ఎక్కడ తడబడినదో, ఎక్కడ విసుగు పుట్టినదో ప్రక్కన కూర్చుండి వ్రాసికొనుడు. ఒక నెల వెదకినను దొరకని దోషములు ఆ యరగంటలో బయటపడును. నిద్ర చెడగొట్టుకొనుచున్నావని యామె యిక ననకపోవచ్చును. ఆ వైపు గుంటలో గింజ తప్పుగా పడుచున్నదని యనవచ్చును.

ఒక యూరి నియమముతో, ఒక్క పీటతో ఆ యాటను సంక్రాంతిలోపల ముగింపుడు. ముగిసినదని మరల వ్రాయుడు. మా యింట చింతగింజలు ఇంకను పెట్టెలో భద్రముగా నున్నవి. ఐనను మీ యాటను ఆడి చూచువారిలో నన్నుకూడ నొకతెగా లెక్కించుకొనుడు.